వరుసలో నోట్‌బుక్కు

ఎమ్మెస్సీలో నాతోపాటు మా ఊరామె ఒకతె చదివేది. అనంతపురంలో ఇంటర్నెట్ సెంటరుకి వచ్చినా, నీళ్ల ట్యాంకరు దగ్గర బిందె పెట్టినట్టు బెంచీ మీద నోట్‌బుక్కు వరుసలో పెట్టి, తన వంతు వచ్చేదాకా కూర్చునేది. ఓనరు మా నాయనకి తెలిసినవాడు కాబట్టి నేను నేరుగా పోయి కంప్యూటరు ముందు కూర్చునేదాన్ని.

సెమినారుకి ఇద్దరికీ ఒకే అంశం ఇచ్చారు: నెట్ న్యూట్రాలిటీ. నెట్‌లో ఎవరి సమాచారాన్నయినా ఒకేలా పంపాలన్న వాదన అది. నేను కట్టెడు ప్రింట్లు తీసి, ముప్పావుగంట ఇంగ్లీషులో చదివాను. సారు రెండుసార్లు ఆవులించారు.

ఆమె లేచి, "ట్యాంకరొచ్చినప్పుడు ఎవురి బిందైనా బిందే సార్. పెద్దింటిదని ముందుకు జరపకూడదు. నెట్‌లో కూడా అంతే," అంది. క్లాసంతా చప్పట్లు. సారు నవ్వుతూ ఆ మాట బోర్డు మీద రాశారు.

బయటికి రాగానే ఆమెని నిలదీశాను.

"ఏమ్మే, యాడ చదివినావు అది?"

"యాడా చదవల్యా. మనూర్లో చూసినా. నువ్వూ ఆడే ఉన్న్యావు కదా," అంది, నోట్‌బుక్కు దుమ్ము దులుపుకుంటూ.

మా ఊళ్లో ట్యాంకరొస్తే, ఎప్పుడూ ముందు నిండేవి మా ఇంటి బిందెలే.