చివరి గుక్క

దమ్మపేట చుట్టుపక్కల ఊళ్ళలో షాలేమ్‌రాజు చూడని పెరడు లేదు. ముందు వాకిలి నుంచి మాత్రం అతన్ని ఎవరూ పిలవరు. సెప్టిక్ ట్యాంకు నిండి, స్నానాల గదిలోకి వాసన ఎగదన్ని, ఇంటికొచ్చిన చుట్టం ముక్కు మూసుకున్నాక అతను గుర్తొస్తాడు. ఫోన్ చేసి జల్దీ రమ్మంటారు. వచ్చాక ట్యాంకు తోడే బండి ఇంటి ముందు కాకుండా వెనక సందులో పెట్టమంటారు. బండి సత్తుపల్లి రెహమాన్‌ది. నడిపేదీ, మూత తీసేదీ, పైపు దించేదీ షాలేమ్‌రాజు.

అంతకుముందు పామాయిల్ తోటల్లో గెలలు కోసేవాడు. ఒకరోజు గెల భుజం మీద పడి ఎముక విరిగింది. దవాఖానాలో అతికించారు గాని, కత్తి కట్టిన పొడుగాటి గడ ఎత్తే బలం మళ్ళీ రాలేదు. నెలల తరబడి ఇంట్లో కూర్చున్నవాణ్ణి రెహమాన్ పిలిచి ఈ పని ఇచ్చాడు. పద్నాలుగేళ్ళయింది. పని అంటే అతనికి రోత లేదు. మనిషి కడుపులోంచి వచ్చిందే కదా, ఆకాశం నుంచి ఊడిపడలేదు కదా అంటాడు. రెహమాన్ షెడ్డులోనే నీళ్ళు పోసుకుని, పని బట్టలు అక్కడే వదిలి, వేరే బట్టలు కట్టుకుని గాని ఇంటికి రాడు. ఏ ఇంటివాళ్ళు ఏం దాచుకుని ఏం పారేస్తారో అతనికి తెలిసినంతగా పోలీసులకు కూడా తెలియదు. అయినా ఒకరి గుట్టు ఇంకొకరి దగ్గర ఎన్నడూ విప్పలేదు. ఇలాంటి మనిషిని చూసి ముఖం చిట్లించింది బయటివాళ్ళయితే ఈ కథ చెప్పాల్సిన పనే లేదు.

వాళ్ళ మందిరం ఊరి చివర తోటను ఆనుకుని ఉంటుంది. బాప్తిస్మం తీసుకున్నవాళ్ళు అరవై మంది. ప్రతి నెలా మొదటి ఆదివారం ప్రభువు బల్ల. రొట్టె ముక్క ఎవరిది వాళ్ళకు ఇస్తారు, ద్రాక్షరసం మాత్రం అందరికీ ఒకటే గిన్నె. సంఘపెద్ద జస్టిన్ సారు, రిటైరైన టీచరు, ఆ గిన్నె పట్టుకుని చాపల మధ్య నడుస్తాడు. ముందు మగవాళ్ళు, తర్వాత ఆడవాళ్ళు. కరోనా రోజుల్లో రెండేళ్ళు చిన్న చిన్న ప్లాస్టిక్ కప్పుల్లో పోశారు. రోగం తగ్గీ తగ్గకముందే జస్టిన్ సారు, ఒకే శరీరానికి ఒకే గిన్నె ఉండాలని వాదించి పాతదాన్ని తిరిగి తెచ్చాడు. అది వెండి గిన్నె. దాని చుట్టూ వాళ్ళ నాన్న పేరు చెక్కి ఉంది. ప్లాస్టిక్ కప్పు మీద పేరు చెక్కడం కుదరదు కదా.

బండి పనిలో చేరిన కొత్తలో షాలేమ్‌రాజు మూడో వరసలో కూర్చునేవాడు. ఒంటికి రెండుసార్లు సబ్బు రాసుకుని, ఉతికిన తెల్ల చొక్కా వేసుకుని వచ్చేవాడు. అయినా నెల తిరిగేసరికి అతని చాప మీద అటూ ఇటూ ఎవరూ లేకుండా పోయారు. ఆ వారమే పాస్టరు గారు తగ్గింపు గురించి ప్రసంగించారు. విందుకు పిలిస్తే చివరి చోట కూర్చోవాలని, తగ్గించుకున్నవాణ్ణి దేవుడే హెచ్చిస్తాడని. ఆ మాట దేవుడు తన కోసమే పంపాడనుకున్నాడు షాలేమ్‌రాజు. మరుసటి ఆదివారం వెళ్ళి తలుపు దగ్గర, చెప్పుల పక్కన కూర్చున్నాడు. అతని భార్య రిబ్కా ఆడవాళ్ళ చాప చివరికి జరిగింది. గిన్నె అందరి దగ్గరా తిరిగి, రిబ్కా దాకా వచ్చి, చిట్టచివరికి అతన్ని చేరేది. అడుగున ఒక గుక్క మిగిలేది. అది తాగి, కళ్ళు మూసుకుని, ఇదే నా చోటు ప్రభువా అనుకునేవాడు.

అక్కడి నుంచి లేచి ముందుకు రమ్మని ఎవరైనా అన్నారా? పద్నాలుగేళ్ళలో ఒక్కరంటే ఒక్కరు అనలేదు. పైగా పాస్టరు గారికి ప్రసంగంలోకి మంచి ఉదాహరణ దొరికింది. ఏడాదికి రెండుసార్లయినా అతన్ని లేపి నిలబెట్టి, తగ్గింపు అంటే ఇదీ, చూసి నేర్చుకోండి అంటారు. అందరూ వెనక్కి తిరిగి చూసి, తలలూపి, స్తోత్రం అంటారు. నేర్చుకున్నవాడు ఒక్కడూ లేడు. పెళ్ళిళ్ళకు పిలుస్తారు, బంతిలో కూర్చోకముందే అన్నం కూర పార్శిల్ కట్టి చేతికిస్తారు. మెత్తనివాణ్ణి చూస్తే మొత్తబుద్ధి అని ఊరకే అనలేదు. వీళ్ళు మొత్తడమే కాక దానికి వాక్యం కూడా చూపించారు.

ఇంతకంటే ఒళ్ళు మండే సంగతి ఇంకొకటుంది. వీళ్ళ తాతలకు ఊరి హోటల్లో వేరే గ్లాసు ఉండేది. టీ తాగి, తామే కడిగి, చూరులో దోపి పోవాలి. ఆ కథను ప్రతి క్రిస్మస్‌కూ జస్టిన్ సారే మైకులో చెబుతాడు. చెబుతూ కళ్ళు తుడుచుకుంటాడు. తుడుచుకున్న ఆ చేత్తోనే గిన్నె పట్టుకుని, షాలేమ్‌రాజును దాటుకుని పోయి, అందరి తర్వాత అతని దగ్గరికి వస్తాడు. తాతల గ్లాసుకు ఏడ్చినవాడికి తన చేతిలోని గిన్నె కనిపించదు. థూ అనాలనిపించే మనుషులు ఎక్కడో ఉండరు, మన పక్క చాప మీదే పాటలు పాడుతూ ఉంటారు.

ఇదంతా షాలేమ్‌రాజుకు కనిపించలేదా అంటే, అతను కనిపించనివ్వలేదు. రిబ్కా ఏదైనా అనబోతే, దేవుని సన్నిధిలో పోట్లాటలేంది అని ఆపేసేవాడు. ఈ ఏడాది మాత్రం అలా కళ్ళు మూసుకోవడం కుదరలేదు. సత్తుపల్లిలో డిగ్రీ మొదటి సంవత్సరం చదువుతున్న కూతురు ఆరాధన బాప్తిస్మం తీసుకుంటానంది. ఈస్టరు ముందు శనివారం వాగులో బాప్తిస్మం, మర్నాడు పండుగ బల్ల. కొత్తగా బాప్తిస్మం పొందినవాళ్ళు ఆ రోజు సంఘమంతటికంటే ముందు తాగడం అక్కడి ఆనవాయితీ. ఈసారి ఇద్దరే, ఆరాధన, జస్టిన్ సారు కూతురు జెస్సికా. ఎవరు ముందు పేరిస్తే వాళ్ళు ముందు. ఆరాధన ముందు ఇచ్చింది. అంటే గిన్నె ఆరాధన నోటి నుంచి జెస్సికా నోటికి, అక్కడి నుంచి అందరి నోళ్ళకూ పోవాలి.

పండుగకు చుట్టాలు వస్తున్నారని బుధవారం నాడు జస్టిన్ సారు తన ఇంటి ట్యాంకు తోడించుకున్నాడు. పని అయిపోయి షాలేమ్‌రాజు పైపు చుడుతుండగా వచ్చి, తువ్వాలు ముక్కుకు అడ్డం పెట్టుకుని దూరంగా నిలబడ్డాడు. నీళ్ళ సీసా గోడ మీద పెట్టి, తాగమని, సీసా తిరిగి ఇవ్వక్కర్లేదని చెప్పాడు. తర్వాత అసలు సంగతికి వచ్చాడు.

"చూడు షాలేమూ, బిడ్డ మంచిదే. నాకేం లేదు. కానీ సంఘంల నలుగురు నాలుగు తీర్ల అనుకుంటరు. నువ్వెట్ల తగ్గించుకున్నవో బిడ్డకు గూడ గట్లనే నేర్పు. నీ పక్కన కూసొని ఆఖరుకు తీసుకుంటది. దేవునికి ముందేంది, ఎన్కేంది?"

ముక్కు మూసుకున్న ఆ మనిషి ఇంటిల్లిపాదీ ఏళ్ళ తరబడి నింపిందే అప్పుడు ట్యాంకరులో ఉంది. వాసన ఎవరిదో చెప్పాల్సిన సమయమంటే అదే. షాలేమ్‌రాజు "సరే సార్" అన్నాడు. పద్నాలుగేళ్ళ అలవాటు, ఆలోచించకముందే నోట్లోంచి వచ్చేసింది.

బండి షెడ్డులో పెట్టి ఇంటికి వచ్చేదాకా ఆ సరే అతన్ని తొలుస్తూనే ఉంది. తన చోటు తాను వదులుకోవడం వేరు. ఇప్పుడు అడిగిన వెంటనే బిడ్డ చోటు తీసి ఇచ్చేశాడు. రిబ్కాకు చెప్పాడు. ఆమె పొయ్యి మీది కూర దించి అతని వైపు తిరిగింది.

"నువ్వు తగ్గింది దేవునికి కాదయ్యా, వాళ్ళ ముక్కులకు" అంది.

ఆరాధన లోపలి గదిలో బాప్తిస్మానికి కొన్న తెల్ల చీర ఇస్త్రీ చేసుకుంటోంది. షాలేమ్‌రాజు గుమ్మంలో నిలబడి డొంకతిరుగుడుగా మొదలుపెట్టాడు. తగ్గించుకోవడం గొప్ప సంగతని, విధేయత దేవునికి ఇష్టమని, ఎక్కడ కూర్చున్నా బల్ల ఒకటేనని. పాస్టరు గారి మాటలే అతని నోట్లోంచి వస్తున్నాయి. ఆ పిల్ల అంతా విని ఇస్త్రీ పెట్టె నిలబెట్టింది.

"డాడీ, నా దగ్గర గూడ వాసనొస్తదా?"

ట్యాంకు మూతలు తీసినప్పుడు కూడా ఎన్నడూ ఎరగని రోత అతనికి అప్పుడు తెలిసింది. ముక్కు మీద తువ్వాలు పెట్టుకున్న జస్టిన్ సారు మీద రోత పుట్టింది, తనను లేపి నిలబెట్టి చూపించే పాస్టరు గారి మీద పుట్టింది, సరే సార్ అన్న తన నాలుక మీద అన్నిటికంటే ఎక్కువ పుట్టింది. నువ్వే ముందు తాగుతావు, ఎవరేమన్నా కదలొద్దు అని బిడ్డకు చెప్పాడు. అప్పుడే జస్టిన్ సారుకు ఫోన్ చేసి, ఇచ్చిన మాట వెనక్కి తీసుకుంటున్నానన్నాడు. నీ ఇష్టం, తర్వాత నన్ను ఏమీ అనుకోవద్దని అవతలి నుంచి ఫోన్ పెట్టేశాడు.

తర్వాత మూడు రోజులు ప్రార్థన సాగలేదు. మోకాళ్ళ మీద కూర్చుంటే, ఇన్నేళ్ళూ తాను లోబడింది ఎవరికన్న ప్రశ్నే ముందుకొచ్చేది. మనసులోని ఈ రోత తీసెయ్యి ప్రభువా అని అడిగాడు. శనివారం వాగులో తడిసి పైకి వచ్చిన కూతుర్ని చూసి కళ్ళు చెమర్చాయి గాని, గట్టు మీద నవ్వుతూ నిలబడ్డ సంఘపెద్దను చూడగానే రోత మళ్ళీ మొదటికొచ్చింది.

ఈస్టరు నాడు మందిరం నిండిపోయింది. ముందు చాప మీద తెల్ల చీరల్లో ఆడపిల్లలిద్దరూ కూర్చున్నారు. షాలేమ్‌రాజు తలుపు దగ్గరే కూర్చున్నాడు. పాస్టరు గారు గిన్నె ఎత్తి, ఇది అందరి కోసం, అందరూ తాగాలని చెప్పి, తాను తాగి ఆరాధనకు అందించారు. ఆమె రెండు చేతులతో పట్టుకుని తాగింది. తల వెనక్కి వాల్చడం వెనక నుంచి కూడా కనిపించింది.

గిన్నె జెస్సికా చేతికి వచ్చింది. ఆ పిల్ల తండ్రి వైపు చూసింది. జస్టిన్ సారు తల కొంచెం అడ్డంగా ఆడించాడు. జెస్సికా మూసిన పెదాలు అంచుకు ఆనించి, తల వంచుకుని గిన్నె తండ్రికి ఇచ్చేసింది. ముందు వరస పెద్దలు అది చూశారు. వాళ్ళూ మూతి ఆనించి ఇచ్చేశారు. వాళ్ళను చూసి రెండో వరస, దాన్ని చూసి మూడో వరస. పాట ఒకపక్క సాగుతూనే ఉంది. మంచి పనికి ముగ్గురిని కూడగట్టాలంటే ఏడాది పడుతుంది, ఇలాంటి దానికి ఎవరూ ఎవరికీ చెప్పక్కర్లేదు. ఆడవాళ్ళలో తండా నుంచి వచ్చే జమ్లి ముసలమ్మ ఒక్కతే గుక్కెడు తాగి మూతి తుడుచుకుంది. రిబ్కా జస్టిన్ సారు కళ్ళలోకి చూస్తూ తాగింది.

అరవై మందికి రెండుసార్లు నింపాల్సిన గిన్నె, ఒక్కసారి నింపింది దాదాపు నింపినట్టే షాలేమ్‌రాజు చేతికి వచ్చింది. తొణక్కుండా రెండు చేతులతో పట్టుకోవాల్సి వచ్చింది.

అంచు కేసి చూశాడు. తాగకపోయినా మూతులైతే అందరూ ఆనించారు. ఒకచోట గుట్కా ఎరుపు, ఒకచోట పెదాల రంగు, ఒకచోట మీసాల జిడ్డు. వాళ్ళు ఇన్నేళ్ళూ ఎవరి నోరు తగులుతుందోనని తప్పుకున్నారో, ఆ మనిషే వాళ్ళందరి ఎంగిలీ తాగాడు. ఈ సంగతి అతనికి ఇన్నాళ్ళూ తట్టనే లేదు. రోత ముంచుకొచ్చింది. భుజం మీది కండువా కొస చేతిలోకి తీసుకున్నాడు. అంచు చుట్టూ, అందరూ చూస్తుండగా, మెల్లగా తుడవాలనిపించింది. తుడిస్తే చాలు, ఒక్క మాట అనక్కర్లేకుండా అందరికీ అర్థమవుతుంది. జస్టిన్ సారుకు మరీ బాగా అర్థమవుతుంది.

చెయ్యి అంచు దాకా పోయి ఆగింది. తుడిస్తే తానూ వాళ్ళలో ఒకడైపోతాడు. ఇన్నేళ్ళూ రోత తెలియకుండా తాగాడు, అందులో తగ్గించుకున్నది ఏముంది? ఇవాళ ఒళ్ళంతా రోత. తాగమన్న దేవుడు మాత్రం మాట మార్చలేదు. షాలేమ్‌రాజు కండువా వదిలి గిన్నె ఎత్తాడు. పాట అయిపోయింది, అతను తాగుతూనే ఉన్నాడు. మందిరంలో అతని గుటకలు తప్ప ఇంకేమీ వినిపించలేదు. అడుగు కనిపించేదాకా తాగాడు.

జస్టిన్ సారు గిన్నె కోసం చెయ్యి చాపాడు. షాలేమ్‌రాజు ఇవ్వలేదు. లేచి, చాపల మధ్య నుంచి నడిచి వెళ్ళి, పాస్టరు గారి చేతిలోనే పెట్టాడు.

"అయ్యగారూ, వచ్చే నెల నా బిడ్డ తర్వాత నేను తాగుత. మా తర్వాత తాగేటోళ్ళు తాగుతరు. తాగనోళ్ళు దేవునికి చెప్పుకుంటరు."

గొంతు పెంచలేదు. షాలేమ్‌రాజు తలుపు దగ్గరికి తిరిగి పోలేదు, ముందు వరస చాప మీదే కూర్చున్నాడు. పక్కనున్న ఇద్దరు జరిగారు. చోటివ్వడానికో, దూరం పోవడానికో అతను చూడలేదు. నోట్లో అందరి ఎంగిలి, కడుపులో రోత అలాగే ఉన్నాయి. ఆఖరి ప్రార్థనకు అందరికంటే ముందు తల వంచాడు.