రిలీజ్ లేకుండా ఆడినవాడు

మా బాబాకు రగ్బీ పిచ్చి. బాబా అంటే నాన్న కాదు, నేను కారు నడిపిన ఇంటి కువైటీ యజమాని. వీసా ఇచ్చి నాకు పూచీ పడ్డ కఫీలూ ఆయనే. ఏడో తరగతితో బడికి దండం పెట్టిన నాకు ఇంగ్లండు చరిత్ర చెప్పిన పంతులూ ఆయనే. ఊరి నడిబొడ్డు షర్క్‌లో ఎర్రలైటు పడితే చాలు, వెనక సీట్లోంచి పాఠం మొదలయ్యేది.

ఆయన ఇంగ్లండులో చదువుకునేటప్పుడు అద్దెకున్న ఇంటి ముసలావిడ తాత విక్టోరియా రాణి కాలపు ఆటగాడట. ఉన్ని మిల్లులో కూలి. శనివారం ఆటకు పోతే ఆ పూట కూలి పోయేది. ఆట పెద్దలు దొరబాబులు, ఆడి డబ్బు ముట్టడం పాపమనేవాళ్లు. దేశం తరఫున కూడా పైసా లేకుండానే ఆడాడు. ఉత్తరాది క్లబ్బులు ఆ పెద్దల నుంచి విడిపోయి, పోయిన కూలి మేమిస్తాం రమ్మంటే అటు దూకాడు. అక్కడ మరో పదేళ్లు బురదలో పొర్లి, కప్పు గెలిచి, భుజం విరగ్గొట్టుకున్నాడు. పాత క్లబ్బువాళ్లు గోడ మీది అతని ఫొటో పీకేసి, చచ్చేదాకా అతన్ని గేటు దాటనివ్వలేదట.

బాబా ఈ కథ చెబుతున్న రోజుల్లోనే, కార్ల రిపేర్ల పేట షువైఖ్‌లో గ్యారేజీ ఒకటి నన్ను మెకానిక్‌గా రమ్మంది. చిన్నప్పటి నుంచి నేను కోరుకున్న పని. దానికి నన్ను వదులుతున్నానని బాబా రిలీజ్ కాగితం మీద సంతకం పెట్టాలి. పదకొండేళ్లు ఉప్పు తిన్న ఇంట్లో ఆ మాట అడగడానికి నాకు నోరు రాలేదు. వంటచేసే కడప అక్క రోజూ పొడిచేది.

"అందరినీ ఎగతాళి చేసే నోరు గదరా నీది, దీనికేమొచ్చె? పోయి అడుగు."

గేటు సంగతి విన్న రోజు ఆ నోరే ఆగలేదు. మా అరబ్బీ హిందీ కలగలుపు భాషలో అన్నాను.

"అయితే బాబా, పాత కఫీల్ రిలీజ్ ఇవ్వకపోతే పారిపోయాడన్నమాట."

బాబా పొట్ట పట్టుకుని నవ్వాడు. ఉన్నట్టుండి నవ్వు ఆపాడు. పచ్చలైటు పడినా యల్లా, పోనీ అనలేదు. వెనక హారన్లు మోగుతున్నాయి.

"నీకు కావాలా రిలీజ్?"

గ్యారేజీ సంగతి స్టీరింగుతో చెప్పుకున్నాను, అద్దంలో ఆయన మొహం చూడలేక.

"నేనూ ఫొటో పీకేవాణ్ణే అనుకున్నావా?" అన్నాడు. ఆ మాట నాకు గట్టిగానే తగిలింది.

వారం తిరక్కుండానే సంతకం పెట్టాడు. శుక్రవారం భోజనం మాత్రం ఇక్కడే అన్నాడు. ఇప్పుడు వెళ్తే అక్క కంచం పెడుతుంది, బాబా టీవీలో ఆట పెట్టి నన్ను పక్కనే కూర్చోబెట్టుకుంటాడు. ఆట సగం కాకముందే, కొత్త డ్రైవర్ బ్రేకు ఎంత మోటుగా తొక్కుతాడో నాకు పితూరీలు మొదలవుతాయి.