ఏడుపు దగ్గర మెల్లగా తిప్పాలి

నెల్లిమర్ల డేరా సినిమా హాల్లో నేను చేసిన ఉద్యోగానికి పేరు లేదు. పగలు రిక్షాకి మైకు కట్టి కొత్త బొమ్మ గురించి ఊరంతా అరిచేవాణ్ణి, సాయంత్రం గేటు దగ్గర టిక్కెట్లు చింపేవాణ్ణి. ఐదో క్లాసులో బడికి దణ్ణం పెట్టినవాడికి అదే కలెక్టరుగిరీ. నోరు మాత్రం దేవుడిచ్చిన ఆస్తి. రీలు తెగి జనం గోల పెడితే తెర ముందుకెళ్లి నాలుగు ముక్కలు చెప్పి నవ్వించేవాణ్ణి. రీలు ఎప్పుడు తెగుతుందా అని చూసేవాళ్లు కూడా తయారయ్యారని మా ఆపరేటరు బావ గొణుక్కునేవాడు.

ప్రతి శుక్రవారం ఒక ముసలావిడ వచ్చి ఆడవాళ్ల బెంచీ చివర కూర్చునేది. జూట్ మిల్లులో గోనెసంచులు కుట్టే పని ఆవిడది. విజయనగరంలో, గుడిలో ఆడిపాడే కుటుంబంలో పుట్టిందనీ, మాటల్లేని బొమ్మల కాలంలో మద్రాసు వెళ్లి ఎనిమిది బొమ్మల్లో వేసిందనీ మిల్లులో చెప్పుకునేవారు. నేను నమ్మలేదు. “మామ్మా, నీ పక్కన హీరో ఎవలు, మా తాతేనా?” అని ఆటపట్టించేవాణ్ణి. ఆవిడ నవ్వి ఊరుకునేది.

ఒకరోజు గుడ్డలో చుట్టిన రేకు డబ్బా తెచ్చి నా చేతిలో పెట్టింది. అందులో ఒక రీలుంది. మాటల సినిమాలు వచ్చాక మైకు ముందు నిలబెట్టి నాలుగు మాటలు చెప్పమన్నారట. మన యాస విని గదిలో ఉన్నవాళ్లంతా నవ్వారట. మర్నాటి నుంచి ఆవిడ కోసం బండి రాలేదు. కంపెనీ మూసేసినప్పుడు చెత్తలో పోయబోతున్న రీళ్లలోంచి ఈ ఒక్కటీ తెచ్చుకుంది.

“ఒరే, తెర మీద నేనేడిస్తే హాలంతా ఏడిసీది. సచ్చిపోయేలోగా అదొక్కసారి సూడాలి” అంది.

బావ రీలు అంచు వేలితో తడిమి చూసి, ఎండిపోయింది, ఒక్కసారి తిరిగితే గొప్ప, రెండోసారికి నా పూచీ లేదన్నాడు. మాటల్లేని బొమ్మల రోజుల్లో తెర పక్కన ఒక మనిషి నిలబడి కథ చెప్పేవాడట. ఆ పని ఆవిడ నన్ను చెయ్యమంది. మిల్లు గేటు దగ్గర టీ బడ్డీలో మూడు రోజులు నాకు కథ నేర్పింది. ఏట్లో కొట్టుకుపోయిన బిడ్డ కోసం తల్లి గట్టు వెంట వెతుకుతుంది. ఆఖరికి తడిసిన చొక్కా దొరుకుతుంది. దాన్ని గుండెకు హత్తుకుని ఏడుస్తుంది. “అక్కడ నువ్వు నోరిప్పకు” అని మరీ మరీ చెప్పింది. ఒట్టేశాను.

శనివారం మొదటి ఆటకి ముందు వేశాం. డేరా నిండుగా ఉంది. ఆవిడ ఇస్త్రీ చీర కట్టుకుని ముందు వరసలో కూర్చుంది. తెర వెలిగింది. ఆ కళ్లు ఆవిడవే. అప్పటికి నమ్మాను. కాని గట్టు మీద ఆ తల్లి కుక్క తరుముతున్నట్టు పరిగెడుతోంది. జనం కిసుక్కుమన్నారు. నేను గొంతు పెంచి కథ చెబుతూ పోయాను. చొక్కా దొరికింది. మోకాళ్ల మీద పడి, దాన్ని గుండెకేసి అదుముకుంటోంది, వదులుతోంది, మళ్లీ అదుముకుంటోంది, టకటకా టకటకా. డేరా అంతా నవ్వుతోంది. అంత నవ్వు ఎదురుగా ఉంటే నా నోరు నా మాట వినదు.

“ఆ సొక్కా బేగి పిండియ్యమ్మా, ఎండ పోతన్నాది!” అన్నాను.

బెంచీలు విరిగేలా నవ్వారు. ఆ నవ్వులోనే రీలు ముక్కలై రాలిపోయింది.

ఆవిడ జనమంతా సర్దుకునేదాకా కూర్చుని, తర్వాత గేటు దగ్గరకొచ్చింది. నేను నేల చూస్తున్నాను.

“మా రోజుల్లో మిషను సేత్తో తిప్పీవోరురా. ఏడుపు కాడికొస్తే మెల్లగా తిప్పీవోరు. నాను ముందే సెప్పాల్సింది. అందరికీ తెలుసుననుకున్నాను” అంది.

తప్పు తన మీదే వేసుకుంది. అదే నాకు ఇప్పటికీ మింగుడు పడదు. మా మిషనుకి మోటారు, ఒకటే వేగం, మాటల బొమ్మల వేగం. మెల్లగా తిప్పితే దీపం వేడికి రీలు అంటుకునేదని బావ తర్వాత చెప్పాడు. అంటే ఆ ఏడుపుని చూపించే మార్గం మా దగ్గర అసలు లేదు. అయినా నోరు మూసుకునే మార్గం నాకు ఉంది కదా.

మళ్లీ ఆవిడ మా హాలుకి రాలేదు. మిల్లు దగ్గర కనబడితే “టీ తాగినావా?” అని ఎప్పటిలాగే అడిగేది. క్షమించమని అడగడానికి రోజూ బయల్దేరి, ఏదో ఒక జోకు చెప్పి వచ్చేసేవాణ్ణి. ఆ వానాకాలం జ్వరంతో పోయింది. కాష్టం దగ్గర మిల్లువాళ్లు ఆవిణ్ణి తలుచుకున్నారు, ప్రేమగానే. ఎవరో “బేగి పిండియ్యమ్మా” అన్నారు. అందరూ తడికళ్లతో నవ్వి నా వైపు చూశారు, ఇంకో ముక్క చెబుతానేమోనని.

ఆవిడ ఏడిస్తే ఎలా ఉండేదో చూసినవాళ్లు అక్కడ ఒక్కరూ లేరు.