నాలుగు ఊళ్ల వంకాయలు

నాకు విజయనగరంలో ఒక బడిలో టీచరు ఉద్యోగం వచ్చిందని చెప్పగానే మా మావయ్య అడిగిన మొదటి ప్రశ్న, "అక్కడ వంకాయలు కిలో ఎంతమ్మా?"

జీతం ఎంత అని అడగలేదు. ఏ తరగతులకి, ఏం చెప్పాలి అని అడగలేదు. వంకాయలు! నేను స్వీటు డబ్బా పట్టుకుని నిలబడి ఉన్నాను. తెలియదు మావయ్యా అన్నాను. తెలియకుండా ఊరు ఎలా మారతారని ఆయన ఆశ్చర్యపోయారు, డబ్బాలోంచి రెండు ముక్కలు తీసుకుని.

మావయ్యకి శ్రీకాకుళంలో కిరాణా కొట్టుంది. కొట్టు వెనకే, అత్తమామలతో కలిసి మా కాపురం. పెళ్లి శుభలేఖ ఇస్తే ముందు కార్డు మందం చూసే మనిషి. మా ఆయన ఉద్యోగం రాజాంలో. శ్రీకాకుళం నుంచి వెళ్లినా విజయనగరం నుంచి వెళ్లినా బస్సులో ఇంచుమించు ఒకటే దూరం. కాబట్టి విజయనగరంలో ఇల్లు తీసుకుంటే ఇద్దరి ఉద్యోగాలూ నడుస్తాయని మేమిద్దరం లెక్క వేసుకున్నాం. మావయ్య ఆ లెక్క ఒప్పుకోలేదు.

"జిల్లా మారితే ఖర్సు మారిపోతాది. జీతమంతా అక్కడే తినేసి ఖాళీ సేతుల్తో వస్తారు. ఏ ఊరు సవకో సూసి అప్పుడు సెప్తాను," అన్నారు.

మా ఆయన వెంటనే ఫోను తీశారు. ఊళ్ల ఖర్చులు పోల్చి చూపించే వెబ్‌సైటు ఒకటి ఉందట. శ్రీకాకుళం అని కొడితే అలాంటి ఊరు లేదంది. విజయనగరమూ లేదంది. పోనీ దగ్గర్లో ఉందని విశాఖపట్నం చూపించింది. అందులో జిమ్ము ఫీజు, టెన్నిసు కోర్టు అద్దె, నురగ కాఫీ ధర ఉన్నాయి. మావయ్య కళ్లజోడు పెట్టుకుని అంతా చదివించుకున్నారు.

"టెన్నిసు ఎవుడాడతాడ్రా మనింట్లో? మీ అమ్మా?"

లోపల పప్పు రుబ్బుతున్న అత్తయ్య, "నాకు మోకాళ్లు నొప్పులు," అంది సీరియస్‌గా.

అక్కడితో ఫోను వ్యవహారం ముగిసింది. నేను కాగితం మీద శ్రీకాకుళం, రాజాం, బొబ్బిలి, విజయనగరం, ఈ నాలుగు ఊళ్లకీ ఖర్చులు లెక్క కట్టి చూపిస్తానన్నాను. మావయ్య నవ్వారు. అడిగిన ధర ధర కాదట, కొన్నదే ధరట. ప్రతి ఊళ్లోనూ అవే మూడు పనులు చేయాలి: టిఫిను తినాలి, గెడ్డం గీయించుకోవాలి, కిలో వంకాయలు కొనాలి. ఏ ఊళ్లో తక్కువైతే ఆ ఊళ్లో మా కాపురం. నాకు అప్పజెప్పిన పని సంచీ పట్టుకోవడం.

నాకెంత ఒళ్లు మండిందో చెప్పలేను. పెళ్లయ్యాక బీఈడీ చదివాను. కొట్టులో చింతపండు పొట్లాలు కడుతూ పుస్తకం మోకాళ్ల మీద పెట్టుకుని చదివాను. పరీక్ష హాల్లో నా జవాబు పేపరు కూడా జీలకర్ర వాసనేసింది. ఇప్పుడు ఆ ఉద్యోగం ఉండేదీ పోయేదీ వంకాయలు తేలుస్తాయట. శనివారంలోగా ఏ సంగతీ చెప్పకపోతే ఇంకొకరిని తీసుకుంటామని బడివాళ్లు చెప్పేశారు. ఆ ఉద్యోగం నాకు కావాలి. ఎంత కావాలో అప్పటిదాకా నాకే తెలియదు.

ఆదివారం పొద్దున్నే శ్రీకాకుళం పని అరగంటలో ముగించి, ముగ్గురం రాజాం వెళ్లాం. గెడ్డం మాత్రం ఇక్కడ అక్కర్లేదన్నారు మావయ్య. శ్రీకాకుళం రేటు ఆయనకి నోటికి వచ్చు.

రాజాంలోనే మావయ్య కొట్టుకి బియ్యం కొంటారు, సగం బజారు ఆయనకి తెలుసు. టిఫిను హోటల్లో ఇడ్లీ, ఉప్మా, పెసరట్టు తిన్నాక మావయ్య డబ్బులు తీస్తే యజమాని గల్లా దగ్గర్నుంచి లేచి చేతులు పట్టేసుకున్నాడు.

"మీ దగ్గర డబ్బులేటి బావూ! సంపీసినారు కాదేటి!"

మంగలి షాపులోనూ అంతే. ఎవరి తాలూకా అని అడిగాడు, మావయ్య చెప్పారు, సగమే తీసుకున్నాడు. మా వైపు ఇది ఉంది. కొత్త మనిషి కనబడితే ముందు ఎవరి తాలూకా అని అడుగుతారు. అంటే ఎవరి మనిషివి, ఎవరి చుట్టానివి అని. దానికి చెప్పే జవాబును బట్టి మర్యాద, మర్యాదను బట్టి ధర. వంకాయలమ్మే మనిషి మావయ్య బియ్యం కొనే మిల్లువాళ్ల బంధువట. కిలో అడిగితే రెండు కిలోలు పోశాడు.

"రాజాంలో తిండి ఖర్సు నేదు," అని మావయ్య ప్రకటించారు.

"రోజూ అలా ఊరికే పెడతాడా మావయ్యా?"

"ఎందుకు పెట్టడు?" అన్నారు, నిజంగానే అర్థం కాక.

బొబ్బిలి చేరేసరికి మధ్యాహ్నమైంది. తినగలిగినంత టిఫిను తిని మావయ్య మంగలి షాపులో కుర్చీ ఎక్కారు. మంగలి బుగ్గల మీద చెయ్యేసి చూశాడు.

"పొద్దున్నే గీసినట్టున్నారు కదా బావూ, ఏటి గియ్యమంటారు?"

"రాజాంలో గీసినట్టే నువ్వూ గియ్యి. రేటు తెలియాల," అని మావయ్య కళ్లు మూసుకున్నారు. కడుపు నిండా టిఫిను, పైన ఫ్యాను. నిద్ర పట్టేసింది.

మంగలి పాపం నిజాయితీపరుడు. పని చేయకుండా డబ్బులు తీసుకోవడం ఇష్టంలేక చుట్టూ వెతికి, గీయదగ్గది మొహం మీద ఒక్కటే మిగిలిందని గుర్తించాడు. మేము వంకాయలు కొని తిరిగొచ్చేసరికి మావయ్యకి మీసం లేదు.

రాత్రి ఇంటి తలుపు తీసిన అత్తయ్య, "కొట్టు కట్టేసినాం, రేపు రండి," అని తలుపు వేయబోయింది. గొంతు విని గుర్తుపట్టి, "ఊళ్ల ఖరీదు సూసి రమ్మంటే మీసం ఇచ్చేసి వచ్చినారేటి!" అంది. మా ఆయనా నేనూ లోపలికి పారిపోయి నవ్వుకున్నాం. ఆ దెబ్బతో బొబ్బిలి పోటీలోంచి తప్పుకుంది. రాజాం గెలిచింది. ఆ వారమంతా వంకాయ కూర, వంకాయ పచ్చడి, వంకాయ పులుసు.

రాజాంలో ఇల్లు తీసుకుని రోజూ విజయనగరం బస్సులో వెళ్లి రమ్మన్నారు మావయ్య. పొద్దున్న మొదటి పీరియడుకి ఏ బస్సూ అందదని బతిమాలాను. విజయనగరం కూడా చూడకుండా ఎలా తేలుస్తారని కూడా అన్నాను. ఆ మాట మాత్రం ఆయనకి న్యాయంగా తోచింది. శనివారం పొద్దున మావయ్యా నేనూ బయల్దేరాం. సాయంత్రంలోగా బడికి ఫోను చేయాలి.

విజయనగరంలో మావయ్యకి వ్యాపారం లేదు. అదే వచ్చిన చిక్కు. టిఫిను హోటల్లో కుర్రాడు బిల్లు తెచ్చి బల్ల మీద పెట్టాడు. మావయ్య ఆ బిల్లు వైపు, తన ఇంట్లోకి కుక్క దూరినట్టు చూశారు. అంతకు రెట్టింపు కోపం మంగలి షాపులో.

"శ్రీకాకుళంలో మా కొట్టు ఎవుర్నడిగినా సెప్తారు," అన్నారు.

"శ్రీకాకుళంలో కదండీ," అని మంగలి పూర్తి డబ్బులు తీసుకున్నాడు. మీసం రాలేదింకా, కనీసం దానికైనా తగ్గించాలని మావయ్య వాదన. మంగలి తగ్గించలేదు.

"సూసినావా అమ్మా! ఈ ఊళ్లో మనిసికి విలువ నేదు. ఖరీదు ఊరు. పద, బస్సెక్కుదాం."

నాకు ఏడుపొచ్చింది. ఊరు ఖరీదు కాదు మావయ్యా, ఇక్కడ మిమ్మల్నెవరూ ఎరగరు, అంతే అని అరవాలనిపించింది. అరవలేదు. ఇంకా వంకాయలు కొనలేదు కదా అని మాత్రం అన్నాను. మొదలుపెట్టిన పని సగంలో వదలడం ఆయన వల్ల కాదని నాకు తెలుసు.

మార్కెట్లో ఒక పెద్దావిడ ముందు వంకాయల రాశి నిగనిగలాడుతోంది. మావయ్య కూర్చుని బేరం మొదలుపెట్టారు. ఆవిడ కదల్లేదు. ఆయన ఇంకొంచెం తగ్గించారు. ఆవిడ తమలపాకు నములుతూ అటు చూసింది. చుట్టూ నలుగురు పోగయ్యారు. మావయ్యకి పరువు సమస్య వచ్చేసింది.

"అసలు ఎవరి తాలూకా బావూ నువ్వు?" అంది ఆవిడ చివరికి.

మావయ్య నోరు తెరిచి ఆగారు. శ్రీకాకుళం కొట్టు ఇక్కడ చెల్లదని అప్పటికే రెండుసార్లు రుజువైంది. అటూ ఇటూ చూశారు. పక్కన సంచీ పట్టుకుని నేనున్నాను.

"ఇదిగో, ఈ అమ్మాయి తాలూకా," అన్నారు గట్టిగా. "నా కోడలు. ఇక్కడ బళ్లో టీచరు. రోజూ నీ దగ్గరే కొంటాది."

ఆవిడ మొహం మారిపోయింది. "మా మనవరాలు గుంట కూడా బడికెళ్తాది. టీచరమ్మైతే ముందే సెప్పొద్దేటి!" అని తూకం వేసి, పైన రెండు కాయలు కొసరేసింది. మావయ్య చెప్పిన ధరకే. గెలిచిన ఆనందంలో ఆయన మొహం వెలిగిపోయింది. ఏమన్నారో ఆయనకి అప్పటికింకా తెలియలేదు. నాకు మాత్రం తెలిసింది. బజార్లో నలుగురి ముందు అన్న మాట మావయ్య వెనక్కి తీసుకోగా నేనెప్పుడూ చూడలేదు.

"ఏటి సెప్తాది బావూ మీ కోడలు?" అని అడిగింది ఆవిడ.

మావయ్య నా వైపు తిరిగారు. "ఏటి సెప్తావమ్మా నువ్వు?"

"లెక్కలు మావయ్యా."

"లెక్కలా!" ఆయన వంకాయల ముందు అలాగే కూర్చుండిపోయారు. "మరైతే ఈ ఊళ్ల లెక్కలన్నీ నువ్వే కట్టీలేకపోయినావా?"

"కడతానన్నాను మావయ్యా. మీరు సంచీ పట్టుకోమన్నారు."

ఆయన లేచి, నా చేతిలోంచి సంచీ తీసుకుని, బడి దగ్గర్లో ఇల్లు అద్దెకి ఎక్కడ దొరుకుతుందని ఆ వంకాయలావిడనే అడిగారు.