బోధన్ గల్లీలో మూడు వందల జొన్నరొట్టెలు

పని మీద నిజామాబాద్ వెళ్లినప్పుడు బస్టాండ్ దగ్గరి మెస్సులో జొన్నరొట్టె తిన్నాను. ఇంత పలుచగా ఎవరు చేశారని అడిగితే, వడ్డించే ఆయన, "గివి మాయి కావక్కా. బోధన్‌ల గంగామణక్క పంపుతది. మొన్నటిదాంక బీడీలు చేసేది," అన్నాడు. ఆమెను చూడాలనిపించింది.

మర్నాడు ఆరున్నరకు బస్సెక్కాను. ఆధార్ చూపితే ఆడవాళ్లకు ఛార్జీ లేదు. మగవాళ్లకు యాభై రూపాయల లోపే. ప్రయాణం గంట పట్టదు. దారి పొడవునా వరి, అక్కడక్కడ పసుపు. చెరుకు ఎక్కడా కనిపించదేమని అడిగితే పక్కనున్న పెద్దాయన నవ్వాడు. "బోధన్ చక్కెర ఫ్యాక్టరీ బందైనంక చెరుకెవలు పెడుతరు బిడ్డా? నేను గూడ వరే ఏస్తున్న."

బోధన్‌లో దిగి, ఇరవై రూపాయలకు షేర్ ఆటోలో గంగామణి ఉండే గల్లీ చేరాను. ఆమె ఇంటి ముందుగదిలో నాలుగు పొయ్యిలున్నాయి, రెండే వెలుగుతున్నాయి. ఆమె, పక్కింటి షాహిదా కలిసి ఈ పని మొదలుపెట్టారు. కోటగిరిలో ఒక పెళ్లికి పన్నెండుకల్లా మూడు వందల రొట్టెలు పంపాలి. పనికి రావలసిన ఇద్దరూ జ్వరంతో పడుకున్నారు.

"ఇయ్యాల మాట తప్పితే రేపు ఎవలు పిలుస్తరక్కా? ఇరవై ఏండ్ల పని ఇడిసిపెట్టి, పోయిన నెలనే బీడీ కార్డు వాపస్ ఇచ్చిన," అంది గంగామణి, పిండి పిసుకుతూనే. బీడీ కంపెనీ ఇచ్చే ఆ కార్డు ఉంటేనే పీఎఫ్. ఇక్కడి ఆడవాళ్లకు అదే ఆసరా.

షాహిదా గల్లీలోకి వెళ్లి కేకేసింది. "సాటలు పక్కకు పెట్టుండ్రి! జల్ది రాండ్రి, రొట్టెలు కొట్టాలె, కూలి ఇస్తం!"

ఒళ్లో చాటలతో అరుగుల మీద బీడీలు చుడుతున్నవాళ్లలో ముగ్గురు లేచి వచ్చారు. షాహిదా వాళ్లతో రెండుసార్లు సబ్బుతో చేతులు కడిగించి, పొగాకు వాసన పోయిందో లేదో స్వయంగా చూసింది. నేనూ కూర్చున్నాను. నా మొదటి రొట్టె పెనం చేరకముందే మూడు ముక్కలైంది. "పిండి మీద కోపమా అక్కా? నిమ్మళంగ కొట్టు," అందొకామె. ఆ తర్వాత నాకు రొట్టెలు తిప్పే పని మాత్రమే ఇచ్చారు.

పదకొండుంబావుకు గంపలు ఆటో ఎక్కాయి. మేం మిగిలిన రొట్టెలు ఎల్లిపాయ కారంతో తినడానికి కూర్చున్నాక పెళ్లింటి నుంచి ఫోన్ వచ్చింది. గంగామణి విని, నవ్వు ఆపుకోలేక, "ఇంకో యాభై ఉంటే పంపుమంటుండ్రు," అంది.

"మనం తినేటియి గూడ పంపుదమా?" అంది షాహిదా. గదంతా నవ్వింది.

వెళ్లబోతూ, వచ్చిన ముగ్గురిలో చిన్నామె మెల్లగా అడిగింది. "రేపు గూడ రావాల్నా అక్కా?"

"రా. గని కార్డు మాత్రం ఇప్పుడే వాపస్ ఇయ్యకు," అంది గంగామణి.

నిజామాబాద్ శివార్లలో కొత్త వెంచర్లు, షోరూములు చాలానే కనిపిస్తాయి. ఈ ప్రాంతం ఎంత మారిందని అడిగితే జనం వాటినే చూపిస్తారు. నాకు మాత్రం ఆ ముందుగదే గుర్తుండిపోయింది. కొత్త పనిని నమ్మినవాళ్లూ, ఇంకా తేల్చుకోలేనివాళ్లూ అక్కడ ఆ పొయ్యిల చుట్టూ కలిసి కూర్చున్నారు. తేల్చుకొమ్మని ఎవరినీ ఎవరూ తొందరపెట్టలేదు. కడుపు నిండి, మనసు తేలికై తిరుగు బస్సెక్కాను.

వెళ్లేవారికి ఒక్క సూచన: పొద్దున్నే బయల్దేరండి. మధ్యాహ్నానికి పొయ్యిలు ఆరిపోతాయి, అప్పుడు రొట్టెలు మాత్రమే దొరుకుతాయి. వాటి వెనకున్న కబుర్లు దొరకవు.