కంచె అవతల ఆకుపచ్చ తువ్వాల

కాకా పోయాడని నాకు తెలిసింది బంకులో బస్సుకు డీజిల్ కొట్టిస్తున్నప్పుడు. "కాకా పొద్దుగాల లేవలే అన్నా. చాయ్ తీస్కపోయి లేపినా లేవలే," అన్నాడు మా గదిలోనే ఉండే నిర్మల్ ఊరతను ఫోనులో. వెంటనే ఏడుపు రాలేదు. మా ముసల్మానుల్లో ఎవరైనా పోతే అనే ఇన్నా లిల్లాహి సగం అన్నాను. కాకా అయితే రామ రామ అనేవాడు కదా అనుకుని ఆగిపోయాను. ఏది అనాలో తోచక టాంకు మూత పట్టుకుని అలాగే నిలబడ్డాను. ఆ అయోమయం ఇంకా తీరలేదు.

ఆయన నాకు చుట్టం కాదు. నాది ప్రొద్దుటూరు పక్కన, ఆయనది నిర్మల్ వైపు పల్లె. సౌదీలో రాబిగ్ దగ్గరి క్యాంపులో మాది ఒకే గది. వాళ్ల ఊరివాళ్లు కాకా అంటుంటే నాకూ కాకా అయ్యాడు. నేను పనివాళ్లను సైటుకు తీసుకెళ్లే డ్రైవర్ని. ఆయన జెద్దా నుంచి మదీనా పోయే స్పీడు రైలు కంచె పక్కన ఇసుక తీసే గ్యాంగులో ఉండేవాడు. గాలి ఇసుకను తెచ్చి కుప్ప పోస్తుంది, వీళ్లు తీస్తారు, మర్నాటికి మళ్లీ ఉంటుంది. "దీనికి గూడ మన లెక్కనే డ్యూటీ బిడ్డా, నాగా పెట్టది," అనేవాడు.

రైలు వచ్చేటప్పుడు వీళ్లు పారలు వదిలి, ముఖాలకు గుడ్డ చుట్టుకుని, రైలుకు వీపు తిప్పి నిలబడతారు. లేకపోతే కళ్లనిండా ఇసుకే. అన్నాళ్లు రైలు పక్కనే పనిచేసినా కాకా దాన్ని కళ్లారా చూసింది తక్కువ, ఎక్కింది అసలే లేదు. "సప్పుడు ఇనవడెతాలకు పోతది. కిటికిల ఒక్క మొఖం గూడ కానరాది. గిదేం రైలు?" అని దాని మీద విసుక్కునేవాడు. రైలన్నాక లోపలివాళ్లకు చెయ్యి ఊపాలి, వాళ్లూ ఊపాలి. ఆయన లెక్క అది.

మా అమ్మ మక్కాకు ఉమ్రా యాత్రకు వచ్చినప్పుడు తన గుంపుతో ఆ రైల్లోనే మదీనా పోవలసి వచ్చింది. ముందు రోజు కాకా నా ఫోను లాక్కున్నాడు. "వదినె, నువ్ రైల్ల పోంగ నేను తువ్వాల ఊపుత. కుడిదిక్కు కిటికి కాడ కూసో," అన్నాడు. ఆయన దగ్గర ఉన్నది ఎర్ర తువ్వాల. అది చాలదా అంటే నా మీద లేచాడు. "ఎర్రది ఊపితె రైలాపుతరు. మతి ఉన్నదా నీకు?" ఈ రైలుకు మన జెండాలతో పనేముంది కాకా అన్నా వినలేదు. దుకాణానికి పోయి ఆకుపచ్చది కొని తెచ్చుకున్నాడు.

మర్నాడు నేను సెలవు పెట్టి అమ్మను జెద్దా స్టేషన్లో రైలెక్కించాను. మదీనా చేరాక ఫోన్ చేసింది. "కనిపించినాడు నాయనా. అట్ల తిరిగి నిలబడుకోని, చెయ్యి మాత్రం పైకెత్తి తువ్వాల ఊపుతాండాడు. అంత ఎండలో, నా కోసరం." వీపు తిప్పి నిలబడే సంగతి ఆమెకు నేనెప్పుడూ చెప్పలేదు.

క్యాంపుకు వచ్చి ఆ ముచ్చట కాకా గ్యాంగు ఫోర్‌మన్‌తో చెబితే వింతగా చూశాడు. ఆయన పాకిస్తానీ. "ఆజ్ తో కోయీ నహీ గయా భాయ్, సబ్ యార్డ్ మే థే," అన్నాడు. ఆ రోజు లైను దగ్గరికి ఎవరూ పోలేదట. కాకాను అడిగితే గిన్నె తోముతూ తలెత్తలేదు.

"వదినె చూసింది గదా?"

"చూసినానంటాంది."

"చూసిందంటె ఉన్ననే."

ఇంకోసారి అడిగితే వేరే గ్యాంగు వాళ్లకు ఊపమని చెప్పినట్టున్నా అన్నాడు. మరోసారి యాది లేదన్నాడు. అబద్ధమాడే మనిషి కాదు, అదే నాకు చిరాకు.

ఇప్పుడు మనిషే లేడు. శవంతో పాటు ఊరికి పంపే పెట్టె నేనే సర్దాను. ఆకుపచ్చ తువ్వాల మడిచి అన్నిటికన్నా పైన పెట్టి, తాడు బిగించాను. అమ్మకు చెబితే ఫోనులోనే ఏడ్చింది. "మదీనాకు పోయి ఆయన పేరున దువా చెయ్యి నాయనా. నా కోసరం ఎండలో నిలబడిన మనిషి." ఫోర్‌మన్ మాట నాలుక చివరిదాకా వచ్చింది. చెబితే అమ్మ చూసింది నిజం కాదనాలి. చెప్పకుండా దువా చేస్తే, జరగని దానికి చేసినట్టవుతుందేమో. ఎటూ తేల్చుకోలేక జెద్దా పోయి మదీనా రైలుకు టికెట్టు తీసుకుని, ఎక్కానని అమ్మకు చెప్పి కుడివైపు కిటికీ దగ్గర కూర్చున్నాను.

నేను రోజూ బస్సు ఆపే వంతెన కనబడగానే ముఖం అద్దానికి ఆనించాను. గ్యాంగు ఉంది. అందరివీ వీపులే, అందరివీ ఒకే రంగు కోట్లు, తలలకు చుట్టిన గుడ్డలు. మధ్యలో ఒక చెయ్యి పైకి లేచి ఉంది. దానిలో ఆకుపచ్చ గుడ్డ. రెప్ప వేసేలోపు అంతా వెనక్కి పోయింది. ఈ రైలుకు వస్తున్నానని గదిలో చెప్పినట్టు గుర్తులేదు, చెప్పలేదని ఖాయంగానూ అనలేను. ఆ నిలబడినవాళ్లలో కాకా లేడని కూడా ఆ క్షణం నేను ఖాయంగా అనలేకపోయాను.

ఫోన్ మోగింది. అమ్మ.

"ఆ తావు వచ్చిందా నాయనా?"

"కనిపించినాడమ్మా," అన్నాను.

"అట్లనే అటు తిరిగి నిలబడుకోని ఉండాడా?" అంది.

"అట్లనే ఉండాడు."

ఫోన్ పెట్టేశాక చూసుకుంటే నా రెండో చెయ్యి ఇంకా కిటికీ అద్దం మీద, పైకెత్తే ఉంది.