డచ్ అమ్మమ్మ నేర్పిన కాఫీ పిలుపు

నా చిన్నప్పుడు, రెండు వేల సంవత్సరం దాటిన కొత్తల్లో, మేం వెల్లింగ్టన్‌ దగ్గర జాన్సన్‌విల్‌లో ఉండేవాళ్లం. స్కూల్ సెలవుల్లో అమ్మా నాన్నా ఆఫీసులకు వెళ్తే నన్ను పక్కింటి డచ్ అమ్మమ్మ చూసుకునేది. సరదాగా తన భాష నేర్పేది. ‘ఎందుకంటే’ అని కారణం చెప్పేటప్పుడు డచ్‌లో క్రియ మన తెలుగులోలాగే వాక్యం చివరికి పోతుంది. అది తెలిశాక డచ్ మొత్తం వచ్చేసినట్టు తెగ మిడిసిపడ్డాను. ఆమె మాత్రం వాక్యాలు తర్వాత కట్టుకోవచ్చు, ముందు ఇంట్లో రోజూ అనే మాటల్ని ముక్కలు చేయకుండా బట్టీ పట్టమనేది.

వాళ్లాయనకు మతిమరుపు జబ్బు. ఇంగ్లీషు పూర్తిగా పోయి, చిన్ననాటి డచ్ ఒక్కటే మిగిలింది. కోపమొస్తే మనిషి మనిషి కాదు.

ఒకరోజు పొద్దున ఆయన ఆమెను దొంగ అనుకున్నాడు. చేతికర్రతో భుజం మీద కొట్టాడు. కింద పడ్డాక కూడా ఆపలేదు. బల్ల మీది పళ్లేలు పగిలాయి. ఆమె నుదురు చిట్లి రక్తం కంట్లోకి కారుతోంది. నేను అడ్డం వెళ్లి, కొట్టొద్దనీ, ఎందుకంటే ఆమె మిమ్మల్ని ప్రేమిస్తోందనీ డచ్‌లో చెప్పబోయాను. క్రియ చివరికి చేరకముందే కర్ర నా మోచేతి మీద పడింది. ప్రాణం పోయినంత పనైంది.

“కాఫీ మాట అను, త్వరగా!” అంది ఆమె నేల మీద నుంచే.

“డ కొఫి ఇస్ క్లార్!” అని అరిచాను. కాఫీ తయారైందని.

ఆ ఇంట్లో పదింటికి ఆ పిలుపు వినబడితే ఎంత పనైనా ఆపి రావాల్సిందే. యాభై ఏళ్ల అలవాటు. ఆయన కర్ర గోడకు ఆనించి, చేతులు కడుక్కుని కుర్చీలో కూర్చున్నాడు. ఆమె నుదుటికి తువ్వాలు అదిమిపట్టుకుని నిజంగానే కాఫీ పెట్టింది. తలా ఒక్క బిస్కెట్ ఇచ్చి డబ్బా మూసేసింది. ఆయన నన్ను చూసి నవ్వాడు. నాకు ఒళ్లు మండిపోయింది.

ఈ సంగతి అమ్మకు చెప్పొద్దని ఆమె బతిమాలింది. ఆయన్ని తన దగ్గర నుంచి తీసుకెళ్లిపోతారని భయం. కానీ ఆ పిలుపు కప్పు ఖాళీ అయ్యేదాకానే కాపాడుతుందని నాకు తొమ్మిదేళ్లకే అర్థమైంది. సాయంత్రం అమ్మకు చెప్పేశాను. ఆయన్ని వృద్ధుల కేంద్రంలో చేర్చారు. ఆమె మళ్లీ నాతో మాట్లాడలేదు.

కోపంతో ఊగిపోయేవాళ్లకు నీతులు చెప్పకూడదనీ, అలవాటైన మాటతో పిలవాలనీ ఆమె దగ్గరే నేర్చుకున్నాను. కర్ర పక్కన పెట్టాక జరిగింది దాచి నోరు మూసుకోకూడదన్నది మాత్రం ఆమె నేర్పలేదు. దానికి ఆమెనే పోగొట్టుకున్నాను. ఇప్పటికీ బాధే. అయినా ఆ రోజు మళ్లీ వస్తే, అమ్మకు మళ్లీ చెబుతాను.